పదేళ్ల గ్యాప్ తర్వాత ఫిజిక్స్!
హిమాలయాల్లో తపస్సు చేసి, ప్రాగ్‌లో ఎక్స్‌రేలు చదివి, వాల్తేరులో ల్యాబ్ కట్టిన స్వామి జ్ఞానానంద కథ

మీ చేతికి ఒక రెజ్యూమె వచ్చిందనుకోండి. పేరు దగ్గర స్వామి అని ఉంది. హైస్కూలు చదువు నరసాపురంలో. ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఉద్యోగం లేదు, కాలేజీ లేదు, సర్టిఫికెట్ లేదు. అనుభవం అన్న కాలమ్‌లో హిమాలయాలు, యోగ సాధన అని మాత్రమే ఉంది. వయసు ముప్పై దాటింది. ఈయన ఇప్పుడు ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తానంటున్నాడు. మీరైతే ఆ కాగితాన్ని ఏ దొంతరలో పెడతారు?

నిజం చెప్పాలంటే నేనైతే పక్కన పడేసేవాణ్ని. బీటెక్ అయ్యాక నాకు పద్నాలుగు నెలలు ఉద్యోగం లేదు. విజయనగరం కోట జంక్షన్ దగ్గర టీ తాగుతూ, ఫోన్‌లో జాబ్ నోటిఫికేషన్లు చూస్తూ గడిపిన రోజులవి. ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే ఆ గ్యాప్ గురించి. సమాధానం చెప్పేలోపే నా ఫైలు మూసేశారు. అందుకే ఈ పదేళ్ల గ్యాప్ మనిషి గురించి మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆయన చివరికి మన ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని మొదలుపెట్టాడని తెలిశాక మాత్రం వదలబుద్ధి కాలేదు.

ఆయనే స్వామి జ్ఞానానంద. శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో రైలెక్కి ఎప్పుడైనా ఏయూ క్యాంపస్‌కి వెళ్లి ఉంటే, ఆయన పేరున్న న్యూక్లియర్ పరిశోధన ల్యాబొరేటరీల పక్కనుంచే నడిచి ఉంటారు. బోర్డు చూసి ఏదో ఆశ్రమం అనుకున్నవాళ్లూ ఉన్నారు. అందులో నేనూ ఒకణ్ని.

గోరగనమూడి కుర్రాడు

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబర్ 5న భీమవరం దగ్గర గోరగనమూడిలో పుట్టాడు. తండ్రి రామరాజు గారికి పుస్తకాల పిచ్చి. ఇంట్లోనే ఒక గ్రంథాలయం ఉండేది, అందులో ఎక్కువభాగం వేదాంత గ్రంథాలు. పిల్లవాడు వాటి మధ్యే పెరిగాడు. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్నాడు. బడిపాఠాల కన్నా ఇంటి అలమరల్లో ఉన్న ప్రశ్నలే అతన్ని ఎక్కువ పట్టుకున్నాయి. ఈ ప్రపంచం దేనితో తయారైంది? కనిపించేదంతా ఉన్నట్టేనా? కనిపించనిది లేనట్టేనా?

ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇల్లు విడిచాడు. ఉత్తరాదికి వెళ్లి హిమాలయాల్లో దాదాపు పదేళ్లు యోగ సాధనలో గడిపాడు. లక్ష్మీనరసింహరాజు జ్ఞానానంద అయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ కథ చెప్పి మిమ్మల్ని కొండలెక్కమనడం నా ఉద్దేశం కాదు. మనలో చాలామందికి ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ ఉంది, అక్క పెళ్లి అప్పుంది, ఫలితాలు ఎప్పుడొస్తాయని రోజూ అడిగే నాన్న ఉన్నాడు. ఇల్లొదిలి పదేళ్లు తిరిగే వెసులుబాటు అందరికీ ఉండదు. ఈ కథలో మనకు పనికొచ్చేది ఆయన వెళ్లిపోవడం కాదు, ఆ తర్వాత ఆయన మళ్లీ మొదటి తరగతి పిల్లాడిలా కూర్చోవడం.

ప్రసంగాలకు వెళ్లి విద్యార్థిగా మిగిలాడు

1927లో జ్ఞానానంద జర్మనీ వెళ్లాడు. ఫిజిక్స్ కోసం వెళ్లలేదు. తాను తెలుసుకున్న యోగ, వేదాంత విషయాలను యూరప్ వాళ్లకు చెప్పాలనీ, తన రచనలను ప్రచురించాలనీ వెళ్లాడు. డ్రెస్డెన్ నగరంలో ఉంటూ ప్రసంగాలు చేశాడు. వినేవాళ్లున్నారు, గౌరవం ఉంది. ఒక భారతీయ యోగికి ఆ రోజుల్లో యూరప్‌లో మంచి ఆదరణే ఉండేది. ఆ దారినే పోయినా జీవితం హాయిగా గడిచిపోయేది.

కానీ ఆయన అడుగుపెట్టిన కాలం చూడండి. హైజెన్‌బర్గ్, ష్రోడింగర్ క్వాంటమ్ మెకానిక్స్‌ని అప్పుడే కళ్లముందు కడుతున్నారు. ఐన్‌స్టీన్ బెర్లిన్‌లో ఉన్నాడు. సాపేక్ష సిద్ధాంతం గురించి కాఫీ హోటళ్లలో కూడా వాదించుకుంటున్నారు. పదార్థం అంటే ఏమిటి, కాలం అంటే ఏమిటి అని చిన్నప్పటి నుంచి అడుగుతున్నవాడికి, అవే ప్రశ్నలను కొలతలతో, సమీకరణాలతో అడుగుతున్న మనుషులు కనిపించారు. ఆయన అక్కడే ఆగిపోయాడు. ముప్పై దాటిన వయసులో, కొత్త భాషలో, లెక్కలు, ఫిజిక్స్ మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

మీరు ఈసీఈ చదివి కోడింగ్ నేర్చుకుంటున్నారా? మెకానికల్ చదివి డేటా అనలిటిక్స్ కోర్సులో చేరారా? మీకంటే నాలుగేళ్లు చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. నిన్నటిదాకా వేదిక మీద నిలబడి చెప్పినవాడు, ఇవాళ కింద కూర్చుని నోట్స్ రాసుకోవడం ఇంకా కష్టం. తనకు తెలియదని ఒప్పుకోవడమే ఆ కష్టంలో సగం.

ప్రాగ్‌లో ఎక్స్‌రేల వర్ణమాల

డ్రెస్డెన్ నుంచి ఆయన ప్రాగ్ చేరాడు. అప్పటి చెకోస్లొవేకియా రాజధాని. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాస్లావ్ డొలేషెక్ అనే ప్రొఫెసర్ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ చేసేవాడు. డొలేషెక్ పుట్టింది 1895లో. అంటే గురువుకీ శిష్యుడికీ రెండేళ్లు కూడా తేడా లేదు. గురువు అప్పటికే పేరున్న శాస్త్రవేత్త. స్వీడన్‌లో మానె సీగ్‌బాన్ దగ్గర పనిచేస్తూ 1922లో ఎక్స్‌రేల్లో ఎన్ సిరీస్ అనే కొత్త గీతల వరుసను కనిపెట్టినవాడు. ఆ సీగ్‌బాన్‌కే ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీకి గాను 1924 నోబెల్ దక్కింది. అంటే జ్ఞానానంద ఆ రంగంలో మేటి పరంపరలోనే చేరాడన్నమాట.

ఇంతకీ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ అంటే ఏమిటి? ఎక్స్‌రే అనగానే మనకు ఆసుపత్రిలో విరిగిన చెయ్యి ఫిలిం గుర్తొస్తుంది. ఆ కిరణాలను 1895లో రంట్‌గెన్ కనిపెట్టాడు. అవి ఎముకల ఫొటోలు తీయడంతో ఆగవు, మూలకాల పేర్లూ చెబుతాయి. అణువులో కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు మెట్లు మెట్లుగా ఉంటాయి కదా. అన్నిటికన్నా లోపలి మెట్టు మీదున్న ఎలక్ట్రాన్‌ని బయటికి తన్నేస్తే, పై మెట్టు నుంచి ఇంకొకటి ఆ ఖాళీలోకి దూకుతుంది. దూకినప్పుడు ఒక ఎక్స్‌రే వస్తుంది. దాని శక్తి ఎంత అన్నది ఆ మూలకాన్ని బట్టే ఉంటుంది. ఇనుముకి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. రాగికి సుమారు 8. ఇది వేలిముద్ర లాంటిది. ఒకరిది ఇంకొకరికి రాదు.

1913లో హెన్రీ మోస్లే అనే ఇంగ్లిష్ కుర్రాడు ఈ వేలిముద్రలను కొలిచి, ఆవర్తన పట్టికలో మూలకాల క్రమం పరమాణు సంఖ్య ప్రకారమే ఉండాలని తేల్చాడు. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో, 27 ఏళ్లకే చనిపోయాడు. మోస్లే మొదలుపెట్టిన పనిని ఇంకా సూక్ష్మంగా కొలవడమే ఆ తర్వాతి తరం చేసింది. ఒక గీత ఎక్కడుంది, దాని పక్కన మరో సన్నగీత ఉందా, అది ఎందుకుంది? జ్ఞానానంద ప్రాగ్‌లో ఏళ్ల తరబడి చేసింది ఈ కొలతల పనే. నలభైకి దగ్గరపడుతున్న వయసులో అక్కడి నుంచి డాక్టరేట్ అందుకున్నాడు.

డొలేషెక్ కథ విషాదంగా ముగిసింది. ప్రాగ్‌ని నాజీలు ఆక్రమించారు. 1939లో చెక్ విశ్వవిద్యాలయాలను మూసేశారు. ఆ ప్రొఫెసర్‌ని తర్వాత అరెస్టు చేశారు. 1945 జనవరిలో, యుద్ధం ముగియడానికి నాలుగు నెలల ముందు, ఆయన తెరెజీన్ జైల్లో చనిపోయాడు.

గాలి తీసేసే విద్య

ఎక్స్‌రేల పనిలో అసలు తలనొప్పి గాలి. ఎక్స్‌రేలు శరీరంలోంచి దూసుకుపోతాయి కదా, గాలి ఏపాటి అనుకుంటాం. ఆసుపత్రిలో వాడే గట్టి ఎక్స్‌రేల విషయంలో అది నిజమే. శక్తి తక్కువున్న మెత్తని ఎక్స్‌రేలను మాత్రం కొద్దిపాటి గాలి కూడా మింగేస్తుంది. వాటిని కొలవాలంటే పరికరం మొత్తాన్ని ఒక పెట్టెలో పెట్టి, అందులోంచి గాలి తోడేయాలి. మామూలుగా కాదు, కొన్ని పదుల కోట్లలో ఒక వంతు మిగిలే దాకా తోడాలి. ఒక చిన్న రబ్బరు సీలు వదులైనా, గోడకు తడి అంటినా, లోపల ఒక గ్రీజు చుక్క ఉన్నా పనంతా పాడు.

ఇది పుస్తకాల చదువుతో వచ్చే విద్య కాదు, చేత్తో నేర్చుకునేది. పంపు శబ్దాన్ని బట్టి ఎక్కడ లీకవుతోందో పట్టాలి. గాజు ఊదాలి. రాత్రంతా పంపు నడిపి తెల్లారి గేజు చూసుకోవాలి. మళ్లీ మొదటికొస్తే మళ్లీ మొదలుపెట్టాలి. పదేళ్లు కొండల్లో కదలకుండా కూర్చున్నవాడికి ఓపిక కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. ఆయన రెజ్యూమెలో ఖాళీగా కనిపించిన పదేళ్లు ఇక్కడ పనికొచ్చి ఉంటాయని నా ఊహ.

ప్రాగ్ తర్వాత ఆయన ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. న్యూట్రాన్‌ని కనిపెట్టి 1935లో నోబెల్ అందుకున్న జేమ్స్ చాడ్విక్ అక్కడ ప్రొఫెసర్. జ్ఞానానంద అక్కడ రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే బీటా కిరణాలను, అంటే వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లను, అయస్కాంతంతో వంచి కొలిచే పని చేశాడు. ఆ పనికీ గాలి లేని పెట్టె కావాలి. చూశారా, అంశం మారింది గానీ చేతిలోని విద్య మారలేదు. ఎక్స్‌రేల కోసం నేర్చుకున్న వ్యాక్యూమ్ టెక్నిక్ ఆయన్ని న్యూక్లియర్ ఫిజిక్స్‌లోకి తీసుకెళ్లింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా చేరి, మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఇన్నేళ్లుగా చేత్తో నేర్చుకున్నదంతా ఒక పుస్తకంగా రాశాడు. పేరు హై వ్యాక్యువా. 1947లో అమెరికాలో వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. వేదాంతం మీద రచనలు అచ్చు వేయించుకోవాలని బయల్దేరిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత పంపుల మీద, గేజుల మీద పుస్తకం వేయించాడు. శూన్యం గురించే రెండూ అని నవ్వుకోవచ్చు మనం.

యాభై ఏడేళ్లకు వాల్తేరు

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో జ్ఞానానంద ఇండియాకి తిరిగొచ్చాడు. ఢిల్లీలో కె.ఎస్. కృష్ణన్ నాయకత్వంలో కొత్తగా మొదలైన నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీలో చేరాడు. దేశంలోనే పెద్ద ల్యాబ్, రాజధానిలో ఉద్యోగం, ప్రభుత్వ జీతం. మనమైతే సెటిలయ్యామంటాం.

1954లో ఆయన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాడు. అప్పుడు వి.ఎస్. కృష్ణ వైస్ చాన్సలర్. ఆ నాటి పరిస్థితి ఊహించుకోండి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాదైంది. శ్రీకాకుళం జిల్లా పుట్టి నాలుగేళ్లయింది. విజయనగరం జిల్లా ఇంకా లేనే లేదు, అది 1979లో వచ్చింది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఎవరైనా ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవాలంటే దగ్గర్లో ఉన్న పెద్ద దిక్కు వాల్తేరే. శ్రీకాకుళానికి సొంత విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో 2008లో గానీ రాలేదు. అలాంటి చోట న్యూక్లియర్ ఫిజిక్స్ అంటే పుస్తకంలో చదివి పరీక్ష రాసేదిగా కాకుండా, చేత్తో చేసేదిగా ఉండాలని ఆయన పట్టుబట్టాడు.

1956లో న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. మొదటి అధిపతి ఆయనే. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గర. బీటా, గామా స్పెక్ట్రోస్కోపీలో పరిశోధనలు మొదలయ్యాయి. 1965 దాకా ఆయన అక్కడే ఉన్నాడు. 1969 సెప్టెంబర్ 21న కన్నుమూశాడు. ఆ తర్వాత ల్యాబొరేటరీలకు ఆయన పేరు పెట్టారు.

కాషాయం కట్టిన మనిషి న్యూక్లియర్ ల్యాబ్ నడపడం చూసి అప్పటి విద్యార్థులు మొదట్లో ఏమనుకున్నారో తెలియదు.  కొలిచేదాన్ని కొలిచాడు, ధ్యానించేదాన్ని ధ్యానించాడు.

నివురు గప్పిన నిప్పు

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దాం. ఆయన ప్రాగ్‌లో నేర్చిన విద్య ఇవాళ ఎక్కడుంది? ఆకాశంలో ఉంది. నిజంగానే.

పలాస వైపు వెళ్లినవాళ్లు జీడిపిక్కల బట్టీలు చూసే ఉంటారు. చల్లారిపోయినట్టు కనిపించే బూడిద మీద చెయ్యి పెట్టబోతే సెగ తగులుతుంది. పైకి బూడిదే, లోపల నిప్పు. నివురు గప్పిన నిప్పు అంటాం కదా, ఆకాశంలో అలాంటి గెలాక్సీలున్నాయి. మామూలు టెలిస్కోప్‌తో చూస్తే మసకగా, దుమ్ము కమ్మినట్టు కనిపిస్తాయి. పరారుణంలో, అంటే వేడి సెగను చూసే ఇన్‌ఫ్రారెడ్ కళ్లతో చూస్తే మాత్రం భగ్గుమంటాయి. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం దాదాపు పది నెలల పాటు ఆకాశమంతా వెతికి వీటిని పెద్దసంఖ్యలో పట్టుకుంది. ఇన్‌ఫ్రారెడ్‌లోనే పది వేల కోట్ల సూర్యుళ్లకు మించిన వెలుగు చిమ్మేవాటిని ఇన్‌ఫ్రారెడ్ కాంతివంత గెలాక్సీలంటారు. కొన్నయితే లక్ష కోట్ల సూర్యుళ్లను దాటేస్తాయి.

సరే, సెగ తెలిసింది. లోపల మండుతున్నదేమిటి? రెండు అనుమానాలు. ఒకటి, రెండు గెలాక్సీలు ఢీకొనడంతో గుంపులు గుంపులుగా కొత్త నక్షత్రాలు పుడుతూ ఉండవచ్చు. రెండోది, నడిమధ్యలో పెద్ద కృష్ణబిలం చుట్టూ ఉన్న వాయువును లాక్కుంటూ, ఆ వాయువు వేడెక్కి వెలుగుతూ ఉండవచ్చు. రెండింటి వెలుగునూ దుమ్ము మింగేసి, వేడిగా మార్చి బయటికి పంపుతుంది. బూడిద మీద సెగ చూసి లోపల మండుతున్నది బొగ్గో, కట్టో చెప్పలేం కదా. అదే చిక్కు.

ఇక్కడే ఎక్స్‌రేలు కావాలి. బాగా గట్టి ఎక్స్‌రేలు ఆ దుమ్మునీ, వాయువునీ చాలావరకు దాటి బయటికొస్తాయి. కృష్ణబిలం దగ్గర పుట్టిన ఎక్స్‌రేలు చుట్టూ ఉన్న చల్లని వాయువులో ఇనుము అణువులను తాకితే, లోపలి మెట్టు ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పైది కిందికి దూకుతుంది. 6.4 దగ్గర ఒక గీత వస్తుంది. అవును, అదే గీత! ల్యాబ్‌లో ఇనుము ముక్క మీద చూసిన గీతే, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో దాక్కున్న కృష్ణబిలాన్ని పట్టిస్తోంది. బలమైన ఆ గీత కనబడితే, దుమ్ము వెనక మండుతున్నది నక్షత్రాలు మాత్రమే కాదని అర్థం.

ఎన్‌జీసీ 6240 అనే గెలాక్సీ ఇందుకు మంచి ఉదాహరణ. దాదాపు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2002లో చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ పరిశీలనల్లో దాని గుండెలో ఒకటి కాదు, రెండు కృష్ణబిలాలు చురుగ్గా ఉన్నట్టు బయటపడింది. రెండింటి మధ్య సుమారు 3 వేల కాంతి సంవత్సరాలు. రెండు గెలాక్సీలు కలిసిపోతూ, తమ కృష్ణబిలాలను కూడా దగ్గరికి చేరుస్తున్నాయన్నమాట. 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220 మాత్రం ఇంకా మొండికేస్తోంది. దాని నడిబొడ్డున దుమ్ము, వాయువు ఎంత దట్టమంటే, గట్టి ఎక్స్‌రేలు కూడా సరిగ్గా బయటికి రావు. లోపలేముందన్న వాదన ఇంకా తెగలేదు. ఇలాంటి గెలాక్సీలను రెండు వందలకు పైగా ఎంచుకుని ఎక్స్‌రే, ఇన్‌ఫ్రారెడ్, మామూలు కాంతి అన్నింటిలోనూ గోల్స్ అనే సర్వేలో చూస్తున్నారు.

ఈ టెలిస్కోపులన్నీ అంతరిక్షంలోనే ఎందుకుండాలి? జ్ఞానానంద సమస్యే. గాలి. మన వాతావరణం మొత్తం ఎక్స్‌రేలకు పది మీటర్ల మందం నీటి గోడతో సమానం. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రే ఒక్కటీ కిందికి చేరదు. ఆయన రాత్రంతా పంపు నడిపి ఒక పెట్టెలో సాధించిన శూన్యం పైన ఉచితంగా దొరుకుతుంది. అందుకే పెట్టెను ఇక్కడ ఉంచే బదులు పైకి పంపారు. 1962లో, జ్ఞానానంద ఏయూలో ఉండగానే, అమెరికాలో ఒక చిన్న రాకెట్ సౌరకుటుంబం బయటి నుంచి వచ్చే ఎక్స్‌రేలను మొదటిసారి పట్టుకుంది. ఎక్స్‌రే ఖగోళశాస్త్రానికి ప్రత్యేకించిన మొదటి ఉపగ్రహం ఉహురు 1970 డిసెంబర్‌లో ఎగిరింది. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది.

మన గడ్డ మీది నుంచి

ఇది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. 1960ల చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హైదరాబాద్ నుంచి పెద్ద పెద్ద బెలూన్లను పైకి పంపి, గట్టి ఎక్స్‌రేలను కొలిచారు. 1975 ఏప్రిల్‌లో ఎగిరిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్టలోనూ ఒక ఎక్స్‌రే పరికరం ఉంది. కరెంటు సరఫరాలో లోపం వల్ల కొద్ది రోజులకే ఆ ప్రయోగం ఆగిపోయింది. 40 ఏళ్లు దాటాక, 2015 సెప్టెంబర్ 28న, శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్లింది. అతినీలలోహితం నుంచి గట్టి ఎక్స్‌రేల దాకా ఒకేసారి చూడగల టెలిస్కోపులున్న ఉపగ్రహం అది. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ వెళ్లింది. నాలుగు రోజులకు మూతపడిన పని మీద నలభై ఏళ్లు ఆగిన ఓపిక అది. గ్యాప్ అంటే భయపడే మనం ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

మరి మీకేంటి?

కెరియర్ పేజీ కాబట్టి లెక్క తేలాలి. ఈ రంగంలో ఫిజిక్స్ వాళ్లకు మాత్రమే చోటుంటుందనుకోవద్దు.

ఫిజిక్స్ బీఎస్సీ చేస్తుంటే: ఐఐటీ జామ్ రాసి మంచి సంస్థలో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆ తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్ లాంటి పరీక్షలున్నాయి. పుణెలో అయూకా, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, ముంబైలో టీఐఎఫ్ఆర్ ఈ పని చేసే చోట్లు.

ఈసీఈ, ఈఈఈ అయితే: ఎక్స్‌రే డిటెక్టర్ అంటే సగం ఎలక్ట్రానిక్సే. ఒక్కొక్క ఫోటాన్‌ను లెక్కపెట్టే సర్క్యూట్లు కావాలి. ఇస్రో సైంటిస్ట్ నియామకాల్లో మీ బ్రాంచిలకు చోటుంది.

మెకానికల్ అయితే: జ్ఞానానంద విద్యే మీ విద్య. ఉపగ్రహాన్ని ఎగరేసే ముందు శూన్యంలో, వేడి చలి మధ్య పరీక్షించే పెద్ద ఛాంబర్లుంటాయి. చిప్‌లు తయారుచేసే పరిశ్రమ కూడా వ్యాక్యూమ్ లేకుండా ఒక్క అడుగు వేయలేదు. పంపులు, సీళ్లు, లీక్ టెస్టింగ్ తెలిసినవాళ్లు కావాలి.

సీఎస్‌ఈ అయితే: ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో ఆర్కైవ్‌లో, చంద్ర డేటా నాసా వాళ్ల ఆర్కైవ్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. పైథాన్ వస్తే చాలు, మొదలుపెట్టవచ్చు. గెలాక్సీ స్పెక్ట్రమ్ ఒకటి దించుకుని, 6.4 దగ్గర గీత ఉందో లేదో మీరే వెతకండి. నేనలా చేశాను. మొదటి వారం నాకు దొరికింది గీత కాదు, నా కోడ్‌లో తప్పు. రెండో వారంలో చిన్న బుడిపెలా కనబడింది. ఉద్యోగానికి దానివల్ల ఏమొచ్చిందంటే, తర్వాతి ఇంటర్వ్యూలో గ్యాప్‌లో ఏం చేశావని అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఒక గ్రాఫ్ ఉంది. ఆ ఉద్యోగం ఖగోళశాస్త్రంలో కాదు, మామూలు డేటా పనే. కానీ ఈసారి ఫైలు మూయలేదు.

అందరికీ జ్ఞానానందలా కుదురుతుందని నేననను. ఆయనకు ఇంట్లో గ్రంథాలయం ఉంది, మంచి గురువులు దొరికారు. మనలో ఎంతోమందికి పుస్తకం కొనడమే భారం, ల్యాబ్‌లో పరికరం మీద దుమ్ము తుడిచేవాడే ఉండడు. అయినా ఆయన నుంచి ఒకటి మాత్రం ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. ప్రతిసారీ తెలిసిన చోటు వదిలి, తెలియని చోట చివరి బెంచీలో కూర్చోవడానికి ఆయన సిగ్గుపడలేదు. వేదిక నుంచి తరగతికి, ఎక్స్‌రేల నుంచి బీటా కిరణాలకు, ఢిల్లీ నుంచి వాల్తేరుకు. అన్నిచోట్లకీ తనతో తీసుకెళ్లింది మాత్రం ఒకటే చేతి విద్య.

ఈసారి ఏదైనా కౌన్సెలింగ్‌కో, పరీక్షకో విశాఖ వెళ్లినప్పుడు ఒక గంట మిగిలితే ఏయూ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగం వైపు నడవండి. ఆ బోర్డు చదవండి. అది ఆశ్రమం కాదని ఇప్పుడు మీకు తెలుసు.